వంద మీటర్ల దేశం నుండి ఉహురూ శిఖరానికి

ఖతార్ దేశం మొత్తంలో అన్నింటికంటే ఎత్తైన చోటు దక్షిణ భాగంలో ఉన్న కురైన్ అబూ అల్ బౌల్ అనే దిబ్బ. సముద్రమట్టం నుండి దాని ఎత్తు 103 మీటర్లు. అలిపిరి నుండి 3,550 మెట్లెక్కి తిరుమల చేరినవారెవరూ దాన్ని కొండగా లెక్కవేయరు. రాజధాని దోహా సముద్రపు అంచున, దాదాపు నీటి మట్టానికే ఉంది. అటువంటి ఊరి నుండి ఖతార్ ఎయిర్‌వేస్ 2012లో టాంజానియాలోని కిలిమంజారో విమానాశ్రయానికి రాకపోకలు ప్రారంభించింది. సుమారు ఆరు గంటల ప్రయాణం. నీటి మట్టాన నిద్రలేచిన మనిషి మరునాటికల్లా ఆఫ్రికాలోకెల్లా ఎత్తైన పర్వతపు పాదం దగ్గర ఉంటాడు. సెలవు చాలితే ఇంకో వారంలోపు 5,895 మీటర్ల ఉహురూ శిఖరం మీద నిలబడతాడు. అక్కడి గాలి పీడనం దోహాలో ఉన్నదానిలో ఇంచుమించు సగం.

ఎండలు మనిషిని గడప దాటనివ్వని జూన్ నుండి సెప్టెంబరు దాకా కిలిమంజారో మీద వానలు తక్కువ. ఎక్కడానికి అనువైన కాలాలలో అదొకటి. అందువల్ల గల్ఫ్‌లో ఉద్యోగాలు చేసుకునే వైద్యులు, ఇంజనీర్లు, బ్యాంకు ఉద్యోగులు వేసవి సెలవును ఈ పర్వతానికి కేటాయించడం ఇప్పుడు వింతేమీ కాదు. ఖతారీలు కూడా వెనకబడి లేరు. షేక్ మొహమ్మద్ బిన్ అబ్దుల్లా అల్ థానీ 2013 మే 22న ఎవరెస్టు ఎక్కిన తొలి ఖతారీ అయ్యాడు. షేఖా అస్మా అల్ థానీ 2014లో కిలిమంజారో ఎక్కింది. అక్కడ మొదలైన దారి 2022లో ఆమెను ఎవరెస్టు మీదికి, అదే ఏడు జూలైలో కే2 మీదికి తీసుకువెళ్ళింది. బ్యాంకు అధికారి ఫహద్ బదర్ 2019లో ఎవరెస్టును, దాని పక్కనున్న లోట్సేను ఎక్కాడు. 2021లో బ్రాడ్ పీక్ మీద చలికాటుకు వేళ్ళు పోగొట్టుకున్నాడు.

కిలిమంజారోకూ ఈ శిఖరాలకూ ఒక తేడా ఉంది. మామూలు దారులలో తాడూ మంచుగొడ్డలీ అవసరం లేకుండా, కేవలం నడిచి ఎక్కగలిగిన పర్వతమిది. అయితే ఒంటరిగా నడవడానికి వీల్లేదు. 1991 నుండి అనుమతి పొందిన మార్గదర్శి లేకుండా ఎవరూ ఎక్కకూడదన్నది నిబంధన. మార్గదర్శి, అతని సహాయకుడు, వంటవాడు, సామాను మోసేవాళ్ళు: ఒక్కొక్క యాత్రికుడి వెనుక ముగ్గురో నలుగురో స్థానికులు నడుస్తారు. ఈ ఏర్పాటు పర్యాటక శాఖ నిన్నమొన్న కనిపెట్టినది కాదు. దాని మూలాలు తెల్లవారు ఈ పర్వతాన్ని చూసిన కాలంలోనే ఉన్నాయి. ఇందులో ఎవరు ఎవరిని ఎక్కించారన్న ప్రశ్న ఇప్పటికీ పూర్తిగా తేలలేదు.

పర్వతపు దక్షిణ, తూర్పు వాలులలో నివసించే చగ్గా జనం అరటితోటలు వేసి, పైనుండి వచ్చే వాగులను కాలువలుగా మళ్ళించి వ్యవసాయం చేసేవారు. మొత్తం పర్వతానికి వాళ్ళ భాషలో ఒకే పేరు లేదు. మంచు కప్పిన శిఖరానికి కిబో అనీ, పక్కనున్న గరుకు శిఖరానికి మావెంజీ అనీ దగ్గరగా ధ్వనించే పేర్లుండేవి. జర్మన్ మిషనరీ యోహానెస్ రెబ్‌మాన్ 1848 మే 11న దూరం నుండి ఆ తెల్లదనాన్ని చూసి, అది మంచేనని రాశాడు. భూమధ్యరేఖకు మూడు డిగ్రీల దూరంలో మంచేమిటని లండన్‌లోని భూగోళ పండితుడు డెస్‌బరో కూలీ ఏళ్ళ తరబడి అతన్ని ఎద్దేవా చేశాడు. కూలీ ఆఫ్రికాలో ఒక్కసారైనా అడుగుపెట్టినవాడు కాడు. గ్రంథాలయంలో కూర్చున్నవాడి తర్కం కళ్ళారా చూసినవాడి మాటను అంతకాలం అణచిపెట్టగలిగిందంటే అప్పటి భూగోళ శాస్త్రం ఎలా నడిచేదో ఊహించుకోవచ్చు.

వైద్యుల కంటికి ఈ వివాదం కంటే రెబ్‌మాన్ విని రాసుకున్న మరొక కథ విలువైనది. మచామే ప్రాంతపు పాలకుడు, అంటే చగ్గా మాటలో మాంగీ, రుంగువా అనే ఆయన పైనున్న ఆ తెల్లని పదార్థం ఏమిటో తెలుసుకు రమ్మని కొందరిని పంపాడు. వెళ్ళినవారిలో సబయా అనే ఒక్కడు మాత్రమే తిరిగి వచ్చాడు. అతని చేతులూ పాదాలూ చెడిపోయి ఉన్నాయి. పైనున్న భూతాల పనిగా జనం దాన్ని చెప్పుకున్నారు. వర్ణన మాత్రం స్పష్టమైన చలికాటుది. మందపాటి బట్టలు లేకుండా, కాళ్ళకు చెప్పులు లేకుండా ఆ ఎత్తుకు వెళ్ళినవాడికి జరగవలసిందే జరిగింది. యూరోపియన్లు రాకముందే ఎవరో అంత పైకి వెళ్ళారనడానికి ఇంతకంటే నమ్మదగిన సాక్ష్యం అక్కరలేదు. భూతాలను కల్పించినవాళ్ళకు ఆ వేళ్ళను కల్పించడం సాధ్యం కాదు.

తరువాతి నలభై ఏళ్ళలో వచ్చినవాళ్ళు ఒకరి తరువాత ఒకరు మధ్యలోనే ఆగిపోయారు. జర్మన్ ప్రభువు ఫాన్ డెర్ డెకెన్ 1862లో దాదాపు 4,200 మీటర్ల దాకా వెళ్ళాడు. ఆంగ్ల మిషనరీ చార్లెస్ న్యూ 1871లో మంచు అంచును తాకాడు. హంగరీ ప్రభువు తెలెకీ 1887లో ఇంకొంచెం పైకి పోయి, నిద్రమత్తూ నీరసమూ కమ్ముకుంటే వెనుదిరిగాడు. అదే ఏడు లైప్‌జిగ్ ప్రచురణకర్తల కుటుంబానికి చెందిన హన్స్ మాయర్ కిబో మీది మంచుగోడ దాకా చేరి, దాన్ని దాటలేకపోయాడు. 1888లో మళ్ళీ వచ్చినప్పుడు జర్మన్ల మీద తిరగబడిన తీరప్రాంత ప్రజల నాయకుడు అబూషిరీ మనుషులకు చిక్కి, డబ్బు చెల్లించి ప్రాణాలు దక్కించుకున్నాడు.

మూడోసారి, 1889లో, మాయర్ గెలవడానికి కారణం ధైర్యమొక్కటే అయితే ఇక్కడ చెప్పుకోవలసింది పెద్దగా ఉండేది కాదు. ముందు వచ్చినవాళ్ళంతా తిండి చాలక, చలికి మోతగాళ్ళు వెళ్ళిపోగా ఓడిపోయారని అతను గ్రహించాడు. మరంగు మాంగీ మరేయాలేతో స్నేహం చేసుకుని, ఆ ఊరిని స్థావరంగా పెట్టుకున్నాడు. దారిలో మజిలీలు ఏర్పాటు చేసి, కొన్ని రోజులకొకసారి కింది నుండి తాజా ఆహారం పైకి వచ్చేలా మనుషులను నియమించాడు. దాంతో ఒకసారి ఓడినా కిందికి దిగిపోవలసిన అవసరం లేకపోయింది. సుమారు 4,300 మీటర్ల ఎత్తున గుడారం వేసుకుని, ఆస్ట్రియాకు చెందిన పర్వతారోహకుడు లుడ్విగ్ పుర్ట్‌షెల్లర్‌తో కలిసి అక్టోబరు 3న మంచులో మెట్లు చెక్కుకుంటూ అగ్నిబిలపు అంచుకు చేరాడు. శక్తి చాలక దిగివచ్చారు. మళ్ళీ బయలుదేరి అక్టోబరు 6 ఉదయం శిఖరం చేరారు. ఆ రోజు పుర్ట్‌షెల్లర్ నలభయ్యవ పుట్టినరోజు. మాయర్ శిఖరానికి కైజర్ విల్‌హెల్మ్ పేరు పెట్టి, కొనమీది రాయి నొకదాన్ని తీసుకుపోయి ఆ చక్రవర్తికే బహూకరించాడు. దాన్ని పోట్స్‌డామ్‌లోని కొత్త రాజభవనంలో, గవ్వలూ ఖనిజాలూ తాపడం చేసిన మందిరపు గోడలో పొదిగారు.

నేటి యాత్రల పద్ధతి అంతా మాయర్ చేసిన ఈ ఏర్పాటులోనే ఉంది: మజిలీలు, ముందుగా చేరవేసిన ఆహారం, వండిపెట్టే మనిషి. ఆ మనిషి పేరు మాయర్ పుస్తకంలో ఉంది. పంగానీ రేవుకు చెందిన మువీనీ అమానీ. మిగిలినవాళ్ళను కిందికి పంపేశాక రెండు వారాలకు పైగా పై గుడారం దగ్గర ఉండి, వంటచెరకు ఏరుకొచ్చి, మంట ఆరకుండా చూసుకున్నది అతనే. పంగానీ హిందూ మహాసముద్రపు ఒడ్డున ఉన్న ఊరు. అంటే దోహా నుండి వచ్చే నేటి యాత్రికుడిలాగే అతనూ నీటి మట్టం నుండి వచ్చినవాడు. మాయర్ తన తలనొప్పి గురించీ ఆయాసం గురించీ రాసుకోగలిగాడు. మువీనీ అమానీ ఏమీ రాయలేదు.

టాంజానియాలో ఎవరినడిగినా మాయర్‌కు దారి చూపినవాడిగా చెప్పే పేరు వేరు: యోహానీ కిన్యాలా లౌవో. చగ్గా వారి కథనం ప్రకారం అతను మరంగు యువకుడు. పైనున్న అడవి దారులు బాగా ఎరిగినవాడు. రోడ్డు పనికి రాకుండా తప్పించుకున్నందుకు పట్టుకుని మాంగీ ముందు నిలబెట్టారు. సరిగ్గా ఆ సమయానికే దారి చూపేవాడు కావాలని తెల్లవాళ్ళు వచ్చి అడగడంతో శిక్షకు బదులు అతన్ని వాళ్ళ వెంట పంపారు. తరువాత దశాబ్దాల పాటు అతను ఆ పర్వతం మీద మార్గదర్శిగా పనిచేశాడు. 1989లో తొలి ఆరోహణకు నూరేళ్ళు నిండిన సందర్భంలో ప్రభుత్వం అతనికి ఇల్లు కట్టించి ఇచ్చింది. 1996 మేలో మరణించినప్పుడు వయసు 125 ఏళ్ళని చెప్పారు.

చిక్కు ఇక్కడే ఉంది. పుట్టిన తేదీకి తగిన పత్రాలతో నిరూపణ అయిన మానవ ఆయుర్దాయాలలో అత్యధికం ఫ్రాన్సుకు చెందిన జాన్ కల్మాఁ అనే స్త్రీది; ఆమె 1997లో 122 ఏళ్ళకు మరణించింది. 125 అన్న అంకె, 1889లో అతనికి పద్ధెనిమిదేళ్ళు ఉండాలన్న అవసరం నుండి లెక్కకట్టి తెచ్చినట్లు కనిపిస్తుంది. మాయర్ పుస్తకంలోనూ లౌవో పేరు లేదు. కాబట్టి లౌవో తొలి ఆరోహణలో ఉన్నాడన్నది సందేహాస్పదమనీ, ఆ తరువాతి ఆరోహణాలలో దారి చూపి ఉంటాడనీ అనుకునే చరిత్రకారులున్నారు. ఈ వాదనలో బలముంది. అయితే దాన్ని అక్కడితో ముగించడం కూడా తొందరపాటే. మాయర్ పుస్తకంలో పేరు లేకుండా పోయిన మోతగాళ్ళు చాలామంది ఉన్నారు. పేరు లేనంత మాత్రాన వాళ్ళు నడవలేదని అనలేం. ఒక జాతి తన మార్గదర్శులందరి శ్రమనూ ఒక్క మనిషి మీద నిలిపి, అతన్ని మొదటి రోజు దాకా వెనక్కి జరిపి ఉండవచ్చు. మన స్థలపురాణాలు చేసే పని సరిగ్గా ఇదే. శాసనానికి అందనిదాన్ని అవి మనిషి రూపంలో దాచిపెడతాయి. శాసనం చదివేవాడు వాటిని నమ్మనక్కరలేదు, పారవేయడమూ తగదు.

మాయర్ వెళ్ళిన వెంటనే ఆ వాలుల మీదికి జర్మన్ పాలన వచ్చింది. 1891లో కిలిమంజారో ప్రాంతానికి కమిషనర్‌గా వచ్చిన కార్ల్ పీటర్స్, తన ఇంట్లో పనిచేసే మబ్రూక్‌నూ, ఆ తరువాత తాను ఉంచుకున్న జగోడ్యో అనే చగ్గా యువతినీ ఉరితీయించాడు. బెర్లిన్ పార్లమెంటులో గగ్గోలు పుట్టి, 1897లో అతన్ని ఉద్యోగం నుండి తొలగించారు. మోషీ మాంగీ మెలీ 1892లో జర్మన్ సేనను ఓడించి, మరుసటి ఏడు తానే ఓడిపోయాడు. 1900 మార్చి 2న అతన్నీ, మరికొందరు చగ్గా, మేరు నాయకులనూ ఉరితీశారు. మెలీ తలను జర్మనీకి తరలించారని అతని వంశీకులు నేటికీ చెబుతున్నారు. మనుమడు ఇసారియా మెలీ దానికోసం అడుగుతూనే వచ్చాడు. బెర్లిన్ మ్యూజియం సంస్థ తన దగ్గరున్న తూర్పు ఆఫ్రికా కపాలాల మీద జరిపించిన డి.ఎన్.ఏ. పరీక్షలలో, 2023లో, ఒక కపాలం మెలీ సలహాదారుగా ఉన్న అకీడాదని, జీవించి ఉన్న వంశీకులతో సరిపోల్చి తేల్చారు. మెలీది దొరకలేదు.

సుమారు 1912 నాటికి మరంగు దారిలో రెండు బసలు వెలిశాయి. కిందిదాని పేరు బిస్మార్క్ బస. పైదానికి పెట్టిన పేరు పీటర్స్. ఇంటి పనివాణ్ణి ఉరితీయించినవాడి పేరు, సామాను మోసేవాళ్ళు రోజూ పలకవలసిన పేరైంది. స్వాతంత్ర్యం తరువాత వీటి స్థానంలో వచ్చినవాటికి మందారా, హొరొంబో అని ఇద్దరు మాంగీల పేర్లు పెట్టారు. మందారా అంటే మెలీ తండ్రి రిందీయే. 1961 డిసెంబరు 9న టాంగన్యికా స్వతంత్రమైన వేళ అలెగ్జాండర్ న్యిరెండా అనే సైనికాధికారి శిఖరం మీద కాగడా వెలిగించాడు. కైజర్ పేరు పోయి, స్వాహిలీలో స్వేచ్ఛ అనే అర్థమిచ్చే ఉహురూ పేరు వచ్చింది.

పేర్లు మారినా దూరాలు మారలేదు. వైద్యశాస్త్రానికి సంబంధించినంతవరకు అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. మందారా 2,720 మీటర్ల ఎత్తున ఉంది. హొరొంబో 3,720. కిబో బస సుమారు 4,700. ఒక్కొక్క రోజు వెయ్యి మీటర్లు. 3,000 మీటర్లు దాటాక ఒక రాత్రికీ మరో రాత్రికీ మధ్య నిద్రించే ఎత్తును 500 మీటర్లకు మించి పెంచకూడదనీ, మూడు నాలుగు రోజులకొకసారి ఒక రోజు ఆగాలనీ ఇప్పటి వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఈ బసలు అందుకు రెట్టింపు వేగంతో ఎక్కిస్తాయి. వాటిని కట్టినవాళ్ళు చూసుకున్నవి నీళ్ళ జాడ, చదును నేల, ఒక పగలు నడవగల దూరం. శరీరానికి ఎంత గడువు కావాలో అప్పటికి ఎవరికీ సరిగా తెలియదు. బొలీవియా సరిహద్దు దగ్గర చిలీ గనులలో పనిచేసిన ఆంగ్ల వైద్యుడు రావెన్‌హిల్ ఎత్తు వల్ల వచ్చే జబ్బులను మామూలు రకం, మెదడుకు సంబంధించినది, గుండెకు సంబంధించినది అని మూడుగా విడదీసి రాసినది 1913లో. అతను గుండెకు అంటగట్టినది నిజానికి ఊపిరితిత్తులలో నీరు చేరడమని చార్లెస్ హ్యూస్టన్ వివరించినది 1960లో. అప్పటికే మరంగు దారి అరిగి కాలిబాట అయిపోయింది.

ఎత్తుకు అలవాటుపడడం అనగానే చాలామంది రక్తం చిక్కబడడమని అనుకుంటారు. ఎర్రకణాలు చెప్పుకోదగినంతగా పెరగడానికి వారాలు పడుతుంది. కిలిమంజారో యాత్ర అంత కాలం సాగదు. ఆ ఐదారు రోజుల్లో శరీరం చేయగలిగేది ముఖ్యంగా శ్వాసను పెంచడం. వేగంగా ఊపిరి తీస్తే బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా బయటికి పోయి రక్తం క్షారగుణం పొందుతుంది. అప్పుడు మెదడు శ్వాసకు కళ్ళెం వేస్తుంది. మూత్రపిండాలు బైకార్బనేట్‌ను విసర్జించి ఆ కళ్ళెం సడలించాలి. దానికి కొన్ని రోజులు కావాలి. యాత్రికులు వేసుకునే ఎసిటజోలమైడ్ మాత్ర చేసేది ఈ విసర్జనను ముందుకు జరపడమే. అది గడువును కొంత తగ్గిస్తుంది కాని రద్దు చేయదు. వ్యాయామశాలలో సంపాదించిన దమ్ము ఇక్కడ రక్షణ కాదు; దమ్మున్నవాడు వేగంగా నడిచి ముందుగా జబ్బుపడడమూ ఉంది. దారి పొడవునా మార్గదర్శులు 'పోలే పోలే' అని చెబుతుంటారు. 'మెల్లగా, మెల్లగా' అని దాని అర్థం. మర్యాదకు చెప్పే మాటగా తోస్తుంది గాని, ఆ పర్వతం మీద దొరికే వైద్యసలహాలన్నింటిలోనూ మొదటిది అదే.

1996 నుండి 2003 దాకా కిలిమంజారో మీద మరణించిన పర్యాటకుల శవపరీక్షల వివరాలను ఒక అధ్యయనం పరిశీలించింది. 25 మంది, అందులో 14 మంది ఎత్తు వల్ల వచ్చిన తీవ్రమైన జబ్బుతో పోయారు. ఎక్కేవాళ్ళ సంఖ్యతో పోలిస్తే తక్కువే. కాని ఆ 14 మరణాలు చాలావరకు దిగిపోతే తప్పేవి. తలనొప్పీ వాంతులూ నాలుగైదు రోజుల్లో ఎక్కేవాళ్ళలో సగానికి మించినవారికి వస్తాయి. అవి ప్రాణం తీయవు. అడుగు తడబడినప్పుడు, కూర్చున్నా ఆయాసం తగ్గనప్పుడు ఇంకా ఎక్కడమే తీస్తుంది. తిరుగు విమానం తేదీ ఖాయమైపోయినవాడు, ఊళ్ళో అందరికీ చెప్పి వచ్చినవాడు, విరాళాలు సేకరించినవాడు దిగనంటాడు. దించే అధికారం మార్గదర్శికి ఉంది. తన జీతానికీ బక్షీసుకూ ఆధారమైన మనిషికి 'ఇక చాలు' అని చెప్పవలసిన స్థితి అతనిది.

హైదరాబాదుకు చెందిన ఏడేళ్ళ బాలుడు 2018లో ఈ శిఖరం చేరాడని మన పత్రికలు ఘనంగా రాశాయి. 2021లో అనంతపురం జిల్లాకు చెందిన తొమ్మిదేళ్ళ బాలిక అగ్నిబిలపు అంచుమీది గిల్‌మన్స్ పాయింట్ దాకా ఎక్కింది. ఆ పిల్లల ఓర్పు మెచ్చుకోదగినదే. అయితే వయసు తగ్గేకొద్దీ గొప్ప పెరుగుతుందన్న లెక్క మంచిది కాదు. తలనొప్పి ఎలా ఉందో, కడుపులో తిప్పుతోందో లేదో పెద్దవాళ్ళే సరిగా చెప్పలేని చోట చిన్నపిల్లల మాటను బట్టి నిర్ణయం తీసుకోవడం కష్టం. రికార్డుల కోసం పిల్లల వయసును లెక్కపెట్టే అలవాటును వైద్యులైనా ప్రోత్సహించకుండా ఉంటే బాగుంటుంది.

తెలుగువారి వైపు నుండి ఈ పర్వతం మీద చెప్పుకోదగిన పాదముద్రలు రెండున్నాయి. నెల్లూరు జిల్లా గాంధీజనసంఘంలో 1974లో పుట్టిన మల్లి మస్తాన్‌బాబు కోరుకొండ సైనిక పాఠశాలలో చదివాడు. ఆ బడి పూర్వవిద్యార్థి, 1985లో ఎవరెస్టు యాత్రలో మరణించిన లెఫ్టినెంట్ ఉదయభాస్కరరావు అతనికి ప్రేరణ. ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి., కలకత్తా ఐ.ఐ.ఎం. చదువుల తరువాత, 2006 జనవరి 19న అంటార్కిటికాలోని విన్సన్‌తో మొదలుపెట్టి జూలై 10న అలాస్కాలోని డెనాలీతో ముగించి, 172 రోజుల్లో ఏడు ఖండాల శిఖరాలు ఎక్కాడు. కిలిమంజారో మార్చి 15, బుధవారం. ఏడు శిఖరాలకూ ఏడు వేర్వేరు వారాలు కుదిరాయి. వెనుక సంస్థ లేకుండా, ఎక్కువగా ఒంటరిగా తిరిగిన మస్తాన్‌బాబు 2015 మార్చిలో ఆండీస్ పర్వతాలలో, చిలీ-అర్జెంటీనా సరిహద్దున ఉన్న త్రెస్ క్రూసెస్ సుర్ మీద ఒంటరిగానే మరణించాడు.

రెండోది నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామపు మాలావత్ పూర్ణది. వ్యవసాయ కూలీల కూతురు. సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థిని. భువనగిరి గుట్ట మీద శిక్షణతో మొదలుపెట్టి 2014 మే 25న, పద్నాలుగేళ్ళు నిండకముందే, టిబెట్ వైపు నుండి ఎవరెస్టు ఎక్కింది. గురుకులాల కార్యదర్శి ఆర్.ఎస్. ప్రవీణ్‌కుమార్, శిక్షకుడు శేఖర్‌బాబు బాచినేపల్లి వెనుక నిలిచారు. 2016లో కిలిమంజారో ఎక్కి, 2022లో డెనాలీతో ఏడు శిఖరాలూ పూర్తిచేసింది. ఎవరెస్టు తరువాత కిలిమంజారోకు వచ్చిన అరుదైన వరుస ఆమెది. సాధారణంగా జనం ఎక్కే క్రమం దీనికి తలకిందులు.

నిజామాబాద్ పేరు వింటే ఖతార్‌లో ఉన్న తెలుగువాళ్ళకు పర్వతం గుర్తుకు రాదు. ఆ జిల్లా నుండీ, కరీంనగర్, జగిత్యాల ప్రాంతాల నుండీ గల్ఫ్‌కు పనికి వచ్చిన వేలమంది గుర్తుకు వస్తారు. ఎండలో మిట్టమధ్యాహ్నపు పనిని నిషేధిస్తూ ఖతార్ 2007లో తెచ్చిన నిబంధనను 2021లో విస్తరించారు. ఇప్పుడు జూన్ 1 నుండి సెప్టెంబరు 15 దాకా ఉదయం 10 నుండి మధ్యాహ్నం 3:30 వరకు ఆరుబయట పని చేయించకూడదు. ఉష్ణ సూచిక 32.1 డిగ్రీలు దాటితే ఏ వేళనైనా పని ఆపాలి. వేడికి అలవాటుపడడానికీ ఎత్తుకు అలవాటుపడడానికీ శరీరం వాడే ఉపాయాలు వేరు, కావలసిన గడువు మాత్రం రెంటికీ ఉంది. కొత్తగా వచ్చినవాడికి మొదటి వారమే గండం. దోహాలోని ఆస్పెటార్ క్రీడావైద్య ఆసుపత్రి పరిశోధకులు హాకీ క్రీడాకారులను ఆక్సిజన్ తగ్గించిన గదులలో రెండు వారాలపాటు, రోజుకు 14 గంటలకు తక్కువ కాకుండా ఉంచి, 3,000 మీటర్ల ఎత్తుకు దగ్గరైన స్థితిని చదునునేల మీదే కల్పించి ఫలితాలు ప్రచురించారు. కొండలేని దేశం కొండను గదిలోకి తెచ్చుకోగలిగింది. ఆ గది అందుబాటులో ఉన్నది కొందరికే.

చమురు దొరకకముందు ఖతార్ ముత్యాల మీద బతికిన దేశం. ఊపిరి బిగబట్టి సముద్రపు అడుక్కి దిగేవాణ్ణి ఘైస్ అనీ, పైన పడవలో తాడు పట్టుకుని అతన్ని లాగేవాణ్ణి సైబ్ అనీ పిలిచేవారు. తాడు కదిలిన క్షణాన లాగకపోతే కిందివాడు బతకడు. ఊపిరి తక్కువైన చోటికి వెళ్ళేవాడి ప్రాణం వెంట ఉన్నవాడి చేతిలో ఉంటుందని ఆ దేశపు తాతలకు తెలుసు. వాళ్ళు కిందికి దిగేవారు. మనవలు పైకి ఎక్కుతున్నారు.

ఈ మూడు నేలలనూ కలిపే మాట ఒకటుంది. మోసేవాణ్ణి అరబ్బీలో హమ్మాల్ అంటారు. స్వాహిలీలో హమాలీ. తెలుగు మార్కెట్ యార్డుల్లోనూ హమాలీయే. అరబ్బు వర్తకుల పడవలు ఆ మాటను ఒక తీరానికి తీసుకుపోయాయి; మరొక తీరానికి అది ఫారసీ, ఉర్దూల మీదుగా వచ్చింది. కిలిమంజారో హమాలీ యాత్రికుడి కంటే ఆలస్యంగా బయలుదేరి, అతన్ని దాటి పోయి, అతను చేరేసరికి గుడారం వేసి ఉంచుతాడు. మన్యంలో డోలీ కట్టి రోగిని మోసుకొచ్చే మనుషుల నడక చూసినవారికి ఆ నడక కొత్తగా ఉండదు. ఎత్తు అతన్నీ వదలదు. స్థానికుడు కాబట్టి తట్టుకుంటాడన్నది అపోహ. ఎక్కువమంది నివసించేది వెయ్యి, రెండు వేల మీటర్ల మధ్యనే. పలుచని కోటు, అరిగిన బూట్లతో వానలో తడిసి, చలికి ఒళ్ళు చల్లబడి చనిపోయిన మోతగాళ్ళున్నారు. ఇంతకుముందు చెప్పిన 25 మంది పర్యాటకుల లెక్కలో వాళ్ళు లేరు. 2003లో ఏర్పడిన కిలిమంజారో పోర్టర్స్ అసిస్టెన్స్ ప్రాజెక్ట్ వాళ్ళకు చలిబట్టలు ఎరువిస్తుంది. యాత్రా సంస్థలు కూలి సరిగా ఇస్తున్నాయా, మూడు పూటలా తిండి పెడుతున్నాయా అన్నది చూస్తుంది.

బరువుకు హద్దు ఇప్పుడు మనిషికి 20 కిలోలు. మరంగులోనూ ఇతర ద్వారాల దగ్గరా కాటా ఉంటుంది. ఉదయాన్నే మోతగాళ్ళు వరుసలో నిలబడి ఒక్కొక్క సంచినీ దానికి తగిలిస్తారు. బరువు ఎక్కువైతే కొన్ని వస్తువులు తీసి ఇంకొకరి సంచిలో వేయాలి, లేదా ఇంకో మనిషిని పెట్టుకోవాలి. యాత్రికుల సామాను అలా తూగుతుండగా, వాళ్ళు పక్క గదిలో పుస్తకంలో పేరు, వయసు, దేశం, వృత్తి రాసి సంతకం చేస్తారు. దిగివచ్చాక శిఖరం చేరిన వేళతో, మార్గదర్శి సంతకంతో ధ్రువపత్రం ఇచ్చేది వాళ్ళకే.